ఆదివారం పడవ రాని దీవి

ఫోనెత్తిన ముసలావిడ హలో కూడా అనలేదు. "ఎవరు పోయారు?" అని అడిగింది.

వసంతకుమారి లాండ్రీ గది తలుపు లోపల గడియ వేసుకుని, వాషింగ్ మెషిన్‌కి చేరబడి నిలబడి ఉంది. బ్రిస్బేన్ శివారు స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో మధ్యాహ్నం మూడున్నర దాటింది. ఆ ముసలావిడ ఉన్నచోట, స్కాట్లాండ్‌కి పడమటి కొసన సముద్రం మధ్య ఉన్న చిన్న దీవిలో, ఆదివారం ఇంకా తెల్లవారనే లేదు.

"ఎవరూ పోలేదండీ," అంది ఇంగ్లీషులో తడబడుతూ. "నేను ఎల్సా వాళ్లమ్మని. మీ ఇంట్లో దిగిన అమ్మాయి. బ్రిస్బేన్ నుంచి మాట్లాడుతున్నాను."

"ఆదివారం పూట చావు కబురయితే తప్ప ఎవరూ ఇక్కడికి ఫోన్ చెయ్యరు," అంది ఆవిడ. గొంతులో కోపం లేదు, ఉన్న మాట చెప్పినట్టు చెప్పింది. "మరి ఏమయింది?"

"మా ఇంట్లో కృతజ్ఞత ప్రార్థన పెట్టుకున్నాం. దాని గురించి."

"దేవుడికి కృతజ్ఞత చెప్పుకుంటామంటే ఆదివారం నేను కాదనను. ఉండండి, లేపుతాను," అంది. వృద్ధాశ్రమంలో పదిహేనేళ్లుగా ఇలాంటి పెద్దవాళ్లకే అన్నం తినిపిస్తున్న వసంతకుమారికి ఆవిడ గొంతు వినగానే ఎందుకో కొంత నెమ్మదించింది.

గరాజ్‌లో కుర్చీలు ఈడుస్తున్న చప్పుడు వినబడుతోంది. భర్త రాయప్ప పాట పాడుకుంటూ ఈడుస్తున్నాడు. బుధవారం నుంచీ ఆయన నేల మీద లేడు. ఎల్సాకి మెడిసిన్ సీటు వచ్చిందన్న మెయిలు, అప్లికేషన్ నింపినప్పుడు తన అడ్రసు కూడా ఇచ్చాడు కాబట్టి, ఆయనకే ముందు కనబడింది. కూతురికి ఫోన్ చేసి ఒక్క మాట అడగాలన్న ధ్యాస ఆయనకి కలగలేదు. పావుగంటలో చర్చి సంఘం వాళ్ల వాట్సాప్‌లో కార్డు పెట్టేశాడు. కృతజ్ఞత కూడిక, ఆదివారం సాయంత్రం ఐదు గంటలకు, విందు కలదు. కింద ఇంకో వరుస: గ్లాస్గో నుంచి కుమారి ఎల్సా వీడియోలో సాక్ష్యం చెప్పును.

ఆ కుమారి ఎల్సా డిగ్రీ చివరి సెమిస్టరు గ్లాస్గోలో చదువుకోవడానికి వెళ్లి రెండు నెలలైంది. శుక్రవారం తల్లికి మాత్రం ఒక మెసేజ్ పెట్టింది. వీకెండ్‌కి ఒక దీవికి వెళ్తున్నా, ఫోన్ పనిచెయ్యదు, ఇది ఆ ఇంటి నంబరు, ఎవరైనా చచ్చిపోతేనే చెయ్యి అని. వసంతకుమారి ఆ సంగతి మొగుడి దగ్గర దాచి, అడిగినప్పుడల్లా పిల్ల లైబ్రరీలో ఉందని రెండు రోజులు నెట్టుకొచ్చింది. ఇంక నెట్టడానికి గంటన్నరే మిగిలింది.

"అమ్మా? వాట్ హాపెండ్? నాన్న ఓకేనా?"

"అందరం బాగానే ఉన్నాం. ఐదింటికి కూడికే. నువ్వు టీవీలో కనపడాలంట, నాన్న కార్డులో కూడా వేశాడు. ఆవిడ దగ్గర కంప్యూటరేమన్నా ఉందేమో అడుగు."

"ఈ ఇంటావిడ పెగ్గీకి టీవీయే లేదమ్మా."

"పోనీ పడవెక్కి అవతలికొస్తే సిగ్నల్ వచ్చిద్దేమో."

"సండే పడవ ఉండదు. దేవుడి రోజంట, ఏదీ ఉండదిక్కడ. షాప్ ఉండదు, బస్ ఉండదు. పార్క్‌లో పిల్లల ఉయ్యాల కూడా శాటర్డే సాయంత్రం తాడేసి కట్టేస్తారు."

"ఉయ్యాలేం పాపం చేసిందమ్మా?"

ఎల్సా నవ్వలేదు. అవతల గాలి కిటికీలని కొడుతున్న చప్పుడు మాత్రం వినబడింది. కూతురు మాట కూడగట్టుకుంటోందని వసంతకుమారికి అర్థమైంది.

"అమ్మా, ఆ మీటింగ్ కాన్సిల్ చెయ్యండి. ఆ సీట్ వద్దని రాసేశాను. ఫ్రైడే, బోట్ ఎక్కే ముందు."

"రాసేశావా?"

"యా. అయిపోయింది."

"నాన్న నలభై మందిని పిలిచాడే," అంది వసంతకుమారి.

కడుపున పుట్టిన బిడ్డ అంత మాట చెబితే తన నోట ముందొచ్చింది భోజనాల లెక్క. అందుకు తర్వాత ఆమె సిగ్గుపడింది గానీ, ఆ క్షణాన విందుకి తెచ్చిన ఇరవై కిలోల మాంసం తప్ప ఆమె కళ్లకి మరేమీ కనబడలేదు.

"తెలుసు. బోట్ దగ్గర నిలబడి ఆ కార్డ్ చూశాను. అందుకే సీట్ వద్దన్న బటన్ అప్పుడే నొక్కేశాను. ఇంకో గంట ఆగితే నాకు ధైర్యం ఉండేది కాదు."

"చదవలేవా? మార్కులు వచ్చినయ్. ఇంటర్వ్యూ బాగా చేశావ్."

"చదవగలను. నాకొద్దు. ఏం కావాలని అడిగితే ఇంకా తెలీదు. ఇది కాదని మాత్రం తెలుసు."

"మరి నా మొక్కు?"



ఆ మొక్కు సంగతి తెలియనివాళ్లు వాళ్ల సంఘంలో లేరు. ఇరవై ఒక్కేళ్ల కిందట చీరాల మిషన్ ఆసుపత్రిలో ఎల్సా ఏడో నెలలో పుట్టింది. కిలో నూటయాభై గ్రాములు. డాక్టర్ లీల గారు ఇంక ప్రార్థన చేసుకోమ్మా అని చెప్పి వెళ్లిన పూట, వసంతకుమారి ఆసుపత్రి వరండాలో మోకాళ్ల మీద పడి, బతికిస్తే ఈ పిల్లని డాక్టర్ని చేసి నీ సేవకిస్తానని మాటిచ్చింది. పిల్ల బతికింది. అప్పటి నుంచి ప్రతి పుట్టినరోజు కూడికలోనూ ఆమె లేచి ఆ సాక్ష్యం చెబుతూనే ఉంది. ఏ మాట దగ్గర గొంతు వణుకుతుందో వినేవాళ్లకి కూడా కంఠతా వచ్చేసింది.

"నీకొకటి చెప్పనా?" అంది ఎల్సా. "ఏడవకూడదు."

"చెప్పు."

"ప్రతి బర్త్‌డేకీ నువ్వు మైక్ పట్టుకుని చెప్తావు కదా. అందరూ స్తోత్రం అంటారు, కేక్ కోస్తాం. నాకు ఏడేళ్లప్పుడు నేనేమనుకున్నానంటే, డాక్టర్ అవ్వకపోతే గాడ్ నన్ను వెనక్కి తీసేసుకుంటాడని. మ్యాథ్స్‌లో తప్పొచ్చిన రోజు పడుకుని ఊపిరి లెక్కపెట్టుకునేదాన్ని. ఆగిపోయిద్దేమోనని."

వసంతకుమారి ఉతికిన బట్టల బుట్ట మీద అట్లాగే కూలబడింది.

"నాకెందుకు చెప్పలేదే?"

"నువ్వు అంత హ్యాపీగా చెప్తావు కదా ఆ స్టోరీ. ఎట్లా చెప్పను?"

"ఇప్పుడు కూడా అట్లా అనిపిస్తందా?"

"లేదులే. ట్వంటీ వన్ కదా." ఎల్సా అప్పుడు నవ్వింది. "బట్ ఆ బటన్ నొక్కాక, బోట్‌లో కూర్చుని ఊపిరి ఒకసారి చూసుకున్నా. ఆడుతోంది. బాగానే ఆడుతోంది."

ఏడవకూడదని చెప్పింది కాబట్టి వసంతకుమారి ఏడుపు వినబడకుండా నోటికి ఒక తువ్వాలు అడ్డం పెట్టుకుంది. ఊపిరి తిరిగాక, తల్లులందరూ చివరికి చేరుకునే చోటికే ఆమె కూడా చేరుకుంది.

"ఆ ఇంట్లో తిండేమన్నా పెడతన్నారా?"

ఎల్సా చెప్పడం మొదలుపెట్టింది. శుక్రవారం చీకటి పడ్డాక దీవిలో దిగిందట. రేవు దగ్గర కారుతో నిలబడ్డ పెగ్గీ ఆమెని ఎగాదిగా చూసి, ఆ కోటు ఇక్కడి గాలికి పనికిరాదని చెప్పి, చనిపోయిన తన భర్త కోటు తొడిగిందట. శనివారం పొద్దుట్నుంచీ ఆ కోటులోనే ఒడ్డమ్మట నడిచింది. తెల్లటి ఇసక, మనిషి జాడ లేదు, గొర్రెలు మాత్రం ఇసకలోకి వచ్చి సముద్రపు నాచు తింటున్నాయి. సాయంత్రం తిరిగొచ్చేసరికి పెగ్గీ తాడు మీది బట్టలు సగం తడివే లోపలికి తెచ్చేస్తోంది. ఆదివారం తాడు మీద గుడ్డ కనబడకూడదట. ఆ ఇంట్లో ఆదివారం కత్తి పట్టరు కాబట్టి ఇద్దరూ పొయ్యి దగ్గర కూర్చుని మర్నాటి బంగాళదుంపలు ముందే తొక్క తీసుకున్నారు.

వసంతకుమారికి బాపట్లలో తన అమ్మమ్మ జ్ఞాపకం వచ్చింది. ఆమె కూడా శనివారం దీపాలు పెట్టేవేళకే ఆదివారం కూర తరిగి, తడిగుడ్డ కప్పి పెట్టేది. ఏ మిషనరీ దొరసాని దగ్గర నేర్చుకుందో ఎవరికీ తెలియదు. అంత దూరాన, ముక్కూమొహం తెలియని మనిషి ఇంట్లో, తన బిడ్డ ఆ పనే చేసిందంటే ఆమెకి ఏదో ధైర్యం వచ్చింది.

"ఇంకో సంగతి చెప్పనా అమ్మా? రెండు రోజుల్నుంచి పెగ్గీ నన్ను ఏం చదువుతున్నావని అడగలేదు. ఒక్కసారి కూడా. దుంపలు పల్చగా తీస్తున్నావు, గుడ్ అంది. అంతే. నాకు ఎంత బాగుందో తెలుసా?"

వసంతకుమారి తెలుసని అనలేకపోయింది. తెలియదు మరి. అడగని మనుషుల మధ్య రెండు రోజులుండటం కూడా ఒక భాగ్యమని తన పిల్ల చెబితే తప్ప ఆమెకి తట్టలేదు.

"ఆవిడకి నా దణ్ణాలు చెప్పు. నీకు కోటిచ్చినందుకు." తువ్వాలుతో మొహం తుడుచుకుంది. "ఐదింటికి మళ్లీ చేస్తా. నువ్వేం మాట్లాడొద్దు. వింటా ఉండు, అంతే."

"నాన్నకి చెప్తావా?"

"చెబుతా."

*

రాయప్ప మైకుని నోటి దగ్గర పెట్టుకుని, వన్ టూ త్రీ అని పరీక్ష చేస్తున్నాడు. ఆసుపత్రి లాబులో పనిచేసే మనిషి, మాట తక్కువ, పాట ఎక్కువ. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా అప్పటికే వీపు మీద చెమటకి అంటుకుపోయింది. బయట ఎండ చచ్చి, మబ్బు పడుతోంది.

"ఏమండీ, ఆ మైకు కాస్త ఆపండి."

ఆమె చెప్పింది. పిల్ల దీవిలో ఉందనీ, తాను దాచాననీ, సీటు వద్దని రాసేసిందనీ చెప్పింది. ఏడేళ్లప్పటి భయం సంగతి మాత్రం చెప్పలేదు.

రాయప్ప మైకు తీగని చేతికి చుట్టుకున్నాడు.

"సోమవారం దాకా గడువుంది. రేపు నేను ఆఫీసుకి ఫోన్ చేసి మాట్లాడతా. పిల్ల తెలీక నొక్కిందని చెబుతా."

"తెలిసే నొక్కిందండీ."

"అయితే ఈ సాయంత్రం గడవనీ వసంతా. వచ్చేవాళ్లకి ఇయ్యన్నీ ఎందుకు? స్కాట్లాండ్‌లో సిగ్నల్ లేదంట, తల్లి సాక్ష్యం చెప్పిద్దని నేను చెబుతా. నువ్వెప్పుడూ చెప్పేదే చెప్పు. భోంచేసి పోతారు."

"లేని సీటుకి స్తోత్రం చెప్పించమంటారా?"

"మరేం చెయ్యమంటావ్?" ఆయన గొంతు ఒక్కసారి పెరిగి, మళ్లీ తగ్గింది. "నాకేమన్నా పిల్ల డాక్టరవ్వాలని కోరికుందా? నువ్వు మాటిచ్చావు. నీ మాట పోకూడదని ఇన్నేళ్లూ రాత్రి డ్యూటీలు అడిగి మరీ చేశా. దాన్ని కోచింగులకి తిప్పా. నీ మొక్కు అని చేశా. ఇప్పుడు నన్ను అబద్ధాలోణ్ణి చేస్తన్నావా?"

ఇరవై ఒక్కేళ్లుగా ఆ మొక్కుని తానొక్కతే మోస్తున్నాననుకుంది వసంతకుమారి. ఇంట్లో ముగ్గురూ మోస్తున్నామని ఒకే మధ్యాహ్నం తెలిసింది. రాయప్ప మీద ఆమెకి కోపం రాలేదు. ఇంత మనిషిని పక్కన పెట్టుకుని ఒక్కనాడు కూడా థాంక్స్ చెప్పలేదే అనిపించింది. చెప్పేలోపే ఆయన తిరిగి కుర్చీలు సర్దుకోవడంలో పడ్డాడు.

వంటింట్లో పక్కింటి జయశ్రీ గుత్తొంకాయ కూర గిన్నె దింపుతోంది. యూనివర్సిటీలో పాఠాలు చెప్పే మనిషి, ఈ ఇంట్లో ఏ కూడికైనా పొద్దుట్నుంచే గరిట పట్టుకుని ఉంటుంది. వసంతకుమారి కళ్లు చూసింది, ఏమీ అడగలేదు.

"వసంతగారూ, ఇవాళ వడ్డన నాది. మీరెళ్లి చీర మార్చుకోండి," అంది. అడగని మనిషి తన ఇంటి గోడ పక్కనే ఉందన్న సంగతి వసంతకుమారి అప్పుడు గమనించింది.

*

ఐదుకి ఇల్లంతా నిండిపోయింది. బూట్లూ చెప్పులూ గుమ్మం దాటి డ్రైవ్‌వే దాకా ఉన్నాయి. పాటయింది, బైబిలు వాక్యమయింది. రాయప్ప లేచి, సిగ్నల్ సంగతి చెప్పి, ఎవరి మొహమూ చూడకుండా ముందు వరసలో కూర్చున్నాడు. సంఘం పాస్టరు నాథన్ అయ్యగారు వసంతకుమారి చేతికి మైకిచ్చి, "చెప్పమ్మా, దేవుడు చేసిన మేలు," అన్నారు.

వసంతకుమారి ముందు ఫోను కలిపింది. అవతల ఎల్సా ఎత్తిందని తెలిశాక దాన్ని స్టూలు మీద పెట్టి లేచి నిలబడింది. మొదటి వరస ఆడవాళ్లు అప్పటికే కొంగులు కళ్ల దగ్గరికి తెచ్చుకున్నారు. కథ వాళ్లకి తెలుసు.

"మా ఎల్సా ఏడో నెలలో పుట్టింది," అని మొదలుపెట్టింది. "బతికిద్దనుకోలా. బతికించాడు. అందుకు నేను చచ్చిందాకా కృతజ్ఞత చెప్పుకుంటా."

"స్తోత్రం," అన్నారు నలుగురైదుగురు.

"ఇంకో మాట ఉంది. ఇన్నేళ్లూ మీకు తప్పు చెప్పాను." రాయప్ప తలెత్తాడని ఆమెకి తెలుసు. అటు చూడలేదు. "పిల్లని డాక్టర్ని చెయ్యమని దేవుడు నన్ను అడగలా. ఆ వరండాలో నేనే బేరం పెట్టా. ఆయన ఊరికే ఇచ్చాడు. నేను దాన్ని ఊరికే తీసుకోలేకపోయా. ప్రతి పుట్టినరోజుకీ మీ అందరి ముందూ అదే చెప్పి చెప్పి, డాక్టర్ అవ్వకపోతే దేవుడు తనని తీసుకుపోతాడని ఏడేళ్ల పిల్ల పక్క మీద పడుకుని ఊపిరి లెక్కపెట్టుకునేటట్టు చేశా. నాకు తెలీదు. ఇయ్యాల మధ్యాహ్నం తెలిసింది."

ఎవరూ స్తోత్రం అనలేదు.

"సీటు వచ్చిన మాట నిజం. వద్దని రాసేసింది, అదీ నిజం. మీరు వచ్చింది సీటు కోసం. నన్ను క్షమించండి. నాకు మాత్రం ఇది కృతజ్ఞత కూడికే. నా బిడ్డ బతికుంది. నాకు నిజం చెప్పింది. దానికి ఒక పెద్దావిడ కోటిచ్చింది. మా ఆయన నా మాట కోసం ఇన్నేళ్లు రాత్రుళ్లు నిద్ర లేకుండా పనిచేశాడు, ఆయనకి నేను ఒక్కసారి కూడా చెప్పుకోలేదు. ఇప్పుడు చెప్పుకుంటన్నా."

ఆమెకి చెప్పాల్సింది అయిపోయింది. మైకు పట్టుకుని అట్లాగే నిలబడింది. వెనక ఎవరి పసిబిడ్డో చిన్నగా మూలిగి ఊరుకుంది. అయ్యగారు బైబిలు మూసి, మళ్లీ తెరిచారు.

రాయప్ప లేచాడు. ఆమె వైపు రాలేదు. స్టూలు దగ్గరికి వెళ్లి ఫోను తీసి చెవికి పెట్టుకున్నాడు.

"ఎల్సా," అన్నాడు. "రోజూ లెక్కపెట్టేదానివా?"

జవాబేమిటో ఎవరికీ వినబడలేదు. ఆయన మొహం మాత్రం అందరికీ కనబడింది. ఫోను చెవికి అదిమి పట్టుకుని, మోకాళ్లు జరుపుకుని దారిచ్చిన మనుషుల మధ్య నుంచి, పెరట్లోకి వెళ్లిపోయాడు. అద్దాల తలుపు అవతల ఆయన వీపు కనబడుతోంది. మొదటి చినుకులు పడుతున్నాయి.

అయ్యగారు దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అడిగారు. "అమ్మా, మరి ఇప్పుడు ఏమని ప్రార్థన చెయ్యమంటావు?"

"కృతజ్ఞతే చెయ్యండి అయ్యగారూ. అందుకేగా పిలిచింది."

అందరూ తలలు వంచారు. అయ్యగారు కళ్లు మూసుకుని నోరు తెరిచేలోపే తలుపు జరిగింది. రాయప్ప లోపలికి వచ్చాడు. చొక్కా భుజాలు తడిసి ఉన్నాయి, కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఏడ్చాడో కోపమో వసంతకుమారి పోల్చుకోలేకపోయింది. ఆయన ఫోను ముందుకి చాచాడు.

"నీతో కాదంట," అన్నాడు. "నాతోనూ కాదంట. కార్డులో వేసిన ఆ సాక్ష్యం తనే అందరికీ చెప్పిద్దంట. మైకు ఇటియ్యి."